అవ్వ చెప్పింది, అంకిత రాసింది

రెంజల్
జూన్ 20

చెల్లె విమలకు,

అక్క హన్మవ్వ రాయిస్తున్నది. నీ కాలు ఎలా ఉంది? లోపల వేసిన రాడ్డు నొప్పి పెడుతోందా? చేతికర్ర లేకుండా నడవొద్దు. మెట్లు ఎక్కొద్దు. బస్సు అసలే ఎక్కొద్దు.

ఇక్కడ రెండు వానలు పడ్డాయి. వెనక పొలం ముత్తన్న ఈసారి కూడా వరే వేస్తున్నాడు. బోధన్ ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు నరికి ఎక్కడికి పంపాలి అంటాడు. అంకిత బడి పన్నెండో తారీఖున తెరిచారు. ఏడో తరగతికి వచ్చింది. పుస్తకాలు ఇచ్చారు, బట్టలు ఇంకా ఇవ్వలేదు.

బీడీ కార్ఖానాలో ఈ నెల పద్నాలుగు రోజుల పనికే ఆకు ఇచ్చారు. రెండు నెలలుగా నా కట్టల్లో ఒక్క బీడీ కూడా బాగాలేదని పక్కన పడలేదు. కట్టలు ఎంచి తీసుకునే మున్షీ బాపురావు చాట ముందు పెట్టుకుని ఒక్కో కట్టా చూసి, "హన్మవ్వా, నీ చెయ్యి మళ్ల పడుసుదైంది" అన్నాడు. వరుసలో ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. పీఎఫ్ కార్డు మీద పదేళ్లు నిండటానికి ఇంకా పదమూడు నెలలు ఉంది. అవి నిండితే పింఛను ఖాయం. అప్పటిదాకా కార్డు ఆగకూడదు.

నువ్వు జాగ్రత్త.

మీ అక్క
హన్మవ్వ

చిన్నవ్వా, నేను అంకితను. ఎప్పటిలాగే అవ్వ చెప్తుంటే నేను రాశాను. ఫోన్లో అవ్వకు ఎవరి మాటైనా ఈగ ముసిరినట్టే వినబడుతోంది. కాబట్టి నువ్వు ఉత్తరాలే రాయి. నేను కుడి చెవి దగ్గర గట్టిగా చదివి వినిపిస్తాను.


నిజామాబాద్
జూలై 4

అక్కకు,

నీ ఉత్తరం అందింది. కాలు పరవాలేదు. దసరా దాకా బస్సెక్కవద్దని డాక్టర్ చెప్పిండు. పిల్లల హోంలో సూపరింటెండెంట్ మేడమ్ నాకు కూర్చునే పని ఇచ్చింది. పొద్దున వంటసామాను తూచి ఇవ్వడం, కొత్తగా వచ్చిన పిల్లల దగ్గర కూర్చోవడం. ప్రతి జూలైలాగే ఈసారి కూడా పోలీసులు, కార్మిక శాఖ వాళ్లు కలిసి పనిలో ఉన్న పిల్లల కోసం తనిఖీలు మొదలుపెట్టారు. మూడు రోజుల్లో ఏడుగురు పిల్లలు వచ్చారు.

వాళ్లలో ముత్యం అని ఒక పిల్ల ఉంది. పదేళ్లు. టౌన్లోనే ఒక ఇంట్లో బీడీలు చుడుతుంటే తీసుకొచ్చారు. చపాతీ పెడితే చుట్టి, రెండు కొసలూ గోరుతో లోపలికి మడుస్తుంది. మడిచినంకనే తింటుంది. తనకు తెలియకుండానే చేస్తుంది. రెండో రోజు నేను పక్కన కూర్చుని, మడవకుండా తిందాం రా అన్నాను. ప్రయత్నించింది. చెయ్యి ఆగలేదు.

అది చూసినంక నీ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. అక్కా, ఒక మాట అడుగుతాను. నీ కుడి బొటనవేలు ఉగాదికే వంగడం లేదు. నేను కళ్లారా చూశాను. పండుగ పూట పచ్చడి గిన్నె పట్టుకోలేకపోయినవు. అటువంటి వేలితో రెండు నెలలుగా ఒక్క బీడీ కూడా పక్కన పడకుండా ఎట్లా చుడుతున్నవు? ఆ కట్టలు ఎవరి చేతివి?

అంకితా, ఇది చదివేది నువ్వేనని నాకు తెలుసు. అయినా ఇంకో దారి లేక రాస్తున్నాను. వాడకట్టంతా విన్నా సరే, గట్టిగానే చదువు.

నీ చెల్లె
విమల


రెంజల్
జూలై 16

చెల్లె విమలకు,

నీ ఉత్తరం అందింది. అంకిత చదివి వినిపించింది. నీ కాలికి రాత్రి పడుకునే ముందు నువ్వుల నూనె రాయి. గట్టిగా రుద్దొద్దు.

ఇక్కడ అందరం బాగున్నాం. నాట్లు పడుతున్నాయి. కూలీలు దొరకడం లేదని ముత్తన్న మహారాష్ట్ర వాళ్లను పిలిపించాడు. పొద్దంతా మరాఠీ పాటలు. నాకు వినబడవు, అంకిత చెప్తుంది.

ఆ ముత్యం అనే పిల్ల వాళ్ల అమ్మ దగ్గరికి ఎప్పుడు పోతుంది? అక్కడ పిల్లలను ఎన్ని రోజులు ఉంచుకుంటారు? వాళ్లమ్మ వచ్చి అడిగితే పంపిస్తారా? వాళ్లమ్మకు ఇంకెవరూ లేకపోతే అప్పుడైనా పంపిస్తారా? ఊరికే అడుగుతున్నాను.

అంకితకు లెక్కల్లో ఇరవైకి పద్దెనిమిది వచ్చాయి.

మీ అక్క
హన్మవ్వ


నిజామాబాద్
ఆగస్టు 5

అక్కకు,

నేను ఒక్క మాట అడిగాను. నువ్వు నూనె గురించి రాసినవు, నాట్ల గురించి రాసినవు, ఎవరో పరాయి పిల్ల గురించి నాలుగు ప్రశ్నలు అడిగినవు. నా మాటకు మాత్రం జవాబు లేదు.

రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ అంకిత ఎత్తి, "మంచిగున్నం చిన్నవ్వా, అవ్వ పొయ్యికాడ ఉంది" అన్నది. పగలు పదకొండు గంటలకు చేసినప్పుడు కూడా అంకితే ఎత్తింది. ఆ రోజు మంగళవారం. బడి ఉన్న రోజు.

ముత్యం సంగతి అడిగినవు కాబట్టి చెప్తున్నాను. వాళ్లమ్మ ప్రతి గురువారం వచ్చి చూసిపోతుంది. పిల్లల సంక్షేమ కమిటీ ఇంకా పంపలేదు. ఇల్లు చూసి, మళ్లీ పనికి పెట్టరని నమ్మకం కుదిరినంకనే పంపుతారు. అమ్మ మీద కోపంతో కాదు, పిల్ల కోసం.

పద్నాలుగేళ్లలోపు పిల్లలు ఇంట్లో పెద్దవాళ్లకు సాయం చేయొచ్చు గానీ బీడీ పనికి ఆ వెసులుబాటు లేదు. సొంత ఇంట్లో, సొంత అవ్వ పక్కన కూర్చుని చేసినా తప్పే. నేను ఈ హోంలో పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. పరాయి ఇంటి పిల్ల అయితే ఆ రోజే ఫోన్ చేసి చెప్పేదాన్ని. మన పిల్ల అని నెల రోజులు ఊరుకున్నాను. అది నా తప్పు, దాన్ని ఇంకా పెంచలేను.

అక్కా, నువ్వు నోరు తెరిచి చెప్తే ఇద్దరం కలిసి ఏదో ఒక దారి చూస్తాం. నువ్వు చెప్పకపోతే నేను ఒక్కదాన్నే చూడవలసి వస్తుంది.

విమల


రెంజల్
ఆగస్టు 18

విమలకు,

నా బీడీలు నేనే చుడుతున్నాను. వేలు నయమైంది. అంకిత రోజూ బడికి పోతోంది. ఆ మంగళవారం జ్వరం వచ్చి ఇంట్లో ఉంది.

నువ్వు ఇక్కడికి రావద్దు. దారి బాగాలేదు. వంతెన మీద నీళ్లు పారుతున్నాయి. ఎవరినీ పంపవద్దు. ఫోన్ కూడా చేయవద్దు. నీకు పని ఎక్కువ ఉంటుంది కాబట్టి ఇకపై ఉత్తరాలు తగ్గిద్దాం.

హన్మవ్వ


రెంజల్ పోస్టాఫీసు
సెప్టెంబర్ 9

విమలమ్మ గారికి నమస్తే. నేను సౌందర్యను, ఇక్కడి పోస్టాఫీసులో పని చేస్తున్నాను. మీ అక్క ఈ రోజు ఒక్కతే వచ్చి బల్ల మీద కూర్చుంది. ఉత్తరం రాసిపెట్టమన్నది. ఫోన్ చేసి చెప్తానంటే ఒప్పుకోలేదు. తన మాట తన మాటలాగే పోవాలన్నది. అందుకే ఆమె చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. కుడి చెవి దగ్గర గట్టిగా చదివి వినిపిస్తే రెండుచోట్ల ఆపి సరిచేయించింది.

విమలా,

నీకు రెండు ఉత్తరాలు రాయించిన. రెండిట్ల ఒక్కటే మాట అడిగిన. నువ్వు నీ కాలు గురించి రాసినవు, గా ముత్యం పిల్ల గురించి రాసినవు. నేను అడిగిన దానికి మాత్రం సప్పుడు చెయ్యలే. ఆగస్టుల వచ్చిన ఉత్తరం అంకిత సదివింది. అండ్ల వానల గురించే ఉండె. మళ్ల రాద్దాం పట్టు బిడ్డా అంటె, నేనే రాసి ఏసిన అన్నది. ఏం రాసినవే అంటె, అన్నీ రాసిన అన్నది. గందుకే ఇయ్యాల అది బడికి పోయినంక నేనే వచ్చిన.

మళ్ల చెప్తున్న, ఇను. నా బొటనేలు వంగుతలేదు. బీడీలు అంకిత చేస్తుంది. నేను ఆకు నానబెట్టి కత్తిరిస్త, గదే చుడ్తది, గదే మూతులు మడుస్తది. ఆకిచ్చిన దినం బడికి పోదు. మొదాలు వద్దని చేతిలకెల్లి చాట గుంజుకున్న. "నువ్వు ఏడుస్తున్నవ్ అవ్వా, నేను చేస్త" అన్నది. తర్వాత గుంజుకోలే. గుంజుకోకపోవుడు నా తప్పు. గా పిల్ల తప్పు కాదు.

మన బాపు పోయినప్పుడు నాకు తొమ్మిదేండ్లు. నీకు మూడు. మనిద్దరి వంతు నేనే చేసిన. నిన్ను బడికి తోలిన. నువ్వు పలక పట్టుకొని పోతుంటె నాకు కుళ్లు కాలే, సంబురమైతుండె. ఇప్పుడు గా పిల్ల నా తీర్గ కూసున్నది. ఈపు గట్లనే వంగింది. నేను సూడలేకపోతున్న.

వచ్చి తీస్కపో. లేకుంటె ఎక్కడ పెట్టాల్నో చెప్పు. నాకు సదువు రాదు, ఎవలకు ఫోన్ చెయ్యాల్నో తెల్వదు. నీకు భారమైతదంటె అది కూడ చెప్పు, నేను కోపం చెయ్య. నేను ఒక్కదాన్ని ఉంట. ఉండలేననుకోకు.

ఇంకో మాట. ఒకవేళ నేను చెప్పింది నీదాకా రాకపోయి ఉంటె, గా పిల్లను ఏమనకు.

హన్మవ్వ


నిజామాబాద్
సెప్టెంబర్ 13

అంకితకు,

ఈ ఉత్తరం నీకే. అవ్వకు చదివి వినిపించాల్సిన పని లేదు. సౌందర్య చేతి నుంచి నేరుగా నీ చేతికి వస్తుంది.

నీ దగ్గరి నుంచి వచ్చిన మూడు ఉత్తరాలు మంచం మీద పరిచి చూసుకున్నాను. వాటి పక్కన అవ్వ సౌందర్యతో రాయించింది పెట్టాను. నాకు అర్థమైంది. నీ మీద కోపం లేదు. నా మీద నాకు ఉంది. పన్నెండేళ్ల పిల్ల చేతికి ఇద్దరు ముసలివాళ్ల మాటలు అప్పజెప్పి, నెలల తరబడి జవాబు రాలేదని ఒకరి మీద ఒకరం అలిగి కూర్చున్నాం.

నీతో అబద్ధం చెప్పను. ఈ రోజు పొద్దున సూపరింటెండెంట్ మేడమ్‌కు అంతా చెప్పాను. మా అక్క మనుమరాలు అని కూడా చెప్పాను. ఆమె కమిటీకి రాసింది. ఈ నెల 30న నువ్వూ అవ్వా నిజామాబాద్ రావాలి. పోలీసు బండి రాదు. నేనే వస్తాను. డాక్టర్‌ను అడిగితే, ఆటో మాట్లాడుకుని చేతికర్రతో పోయి రమ్మన్నడు.

నువ్వు అవ్వ దగ్గరే ఉంటావని నేను మాట ఇవ్వలేను. అది నా చేతుల్లో లేదు. నిన్ను అడగకుండా ఎవరూ ఏదీ నిర్ణయించరని మాత్రం మాట ఇస్తున్నాను.

నువ్వు రాయని మాటలు ఇప్పుడు నాకు రాయి. నువ్వు దేనికి భయపడ్డావో కూడా రాయి.

నీ చిన్నవ్వ
విమల


రెంజల్
సెప్టెంబర్ 19

చిన్నవ్వకు,

నేను అంకితను. ఇది నా ఉత్తరమే.

జూన్‌లో అవ్వ, "విమలా, గీ పిల్ల చేత బీడీలు చేయిస్తున్న, వచ్చి నన్ను తిట్టు" అని రాయమంది. నేను కార్ఖానాలో బాపురావు సారు అన్న మాట రాశాను. అది అవ్వ రాయమనలేదు. నన్ను మెచ్చుకున్నట్టు అనిపించి నేనే రాశాను.

జూలైలో నీ ఉత్తరం చదివేటప్పుడు బొటనవేలు అన్న దగ్గర ఆపేసి కింద సంతకం చదివాను. అవ్వ, "గింతేనా?" అంది. ఇంతే అన్నాను. అప్పుడు అవ్వ, "నీ హోంల పిల్లకు జాగ ఉంటదా అని అడుగు" అంది. నేను ముత్యం గురించి అడిగాను. ఆగస్టులో నీ ఉత్తరం మొత్తం మార్చి చదివాను. నువ్వు వానల గురించి రాసినట్టు చదివాను. దానికి జవాబు అంతా నాదే. వంతెన మీద నీళ్లు లేవు. జ్వరం కూడా రాలేదు.

నేను రోజుకు ఆరువందలు చుడతాను. అవ్వ ఆకు కత్తిరించి ఇస్తే ఇంకా ఎక్కువ చేయగలను. బాపురావు సారుకు తెలుసు. నా కట్టలు తీసుకునేటప్పుడు నా మొహం చూడడు. నరేష్ సారు బడి నుంచి ఒకసారి ఇంటికి వచ్చాడు. అవ్వకు బాగాలేదని చెప్పి పంపించాను. అవ్వ పక్కనే కూర్చుంది, తనకు వినబడలేదు. సారు చేతులెత్తి దండం పెడితే తిరిగి పెట్టింది.

నాకు బడి ఇష్టమే. కానీ అవ్వకు నా గొంతు ఒక్కటే సరిగ్గా వినబడుతుంది. దుకాణంలో, ఆస్పత్రిలో, కార్ఖానాలో ఎవరేమన్నా నేనే చెవిలో చెప్తాను. మా అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్లు. నాయన వేల్పూర్‌లో వేరే ఇల్లు పెట్టుకున్నాడు. అవ్వ నన్ను ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పుడు నేను పోతే అవ్వకు ఎవరు చెప్తారు? భయం అదే.

అవ్వకు నిన్న అంతా చెప్పేశాను. తిట్టలేదు. చాలాసేపు ఆకు కత్తిరించింది. తర్వాత కత్తెర పక్కన పెట్టి, "ఆకలైతుందా?" అంది.

అంకిత


నిజామాబాద్
అక్టోబర్ 6

అక్కకు,

సౌందర్య ఇది నీ కుడి చెవి దగ్గర గట్టిగా, ఆగి ఆగి చదివి వినిపిస్తుంది. మొన్న నువ్వు కమిటీ ఆఫీసులో నా పక్కనే బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నవు. లోపల ఏం జరిగిందని అడిగితే తర్వాత చెప్తానన్నాను. నాకూ అప్పుడు తెలియదు, బంధువును కాబట్టి నన్నూ లోపలికి రానియ్యలేదు. మేడమ్ తర్వాత చెప్పింది. ఆటోలో నీ చెవిలో అరుద్దామనుకున్నాను. అంకిత మనిద్దరి మధ్య కూర్చుంది. దాని ముందు అరవబుద్ధి కాలేదు.

రోజుకు ఎన్ని చుడతావని అడిగితే, "ఆరువందలు. మూతులు నాయే నీటుగుంటయి" అని చెప్పిందట. చెప్పి అందరి మొహాలూ చూసిందట. అందరూ తలలు దించి రాసుకుంటున్నారట. అప్పుడు చేతులు బల్ల కింద పెట్టుకున్నదట.

నీకేం కావాలని అడిగారు. "బడి గావాలె. అవ్వ గావాలె" అన్నది. ఒక సభ్యుడు, రెండిట్లో ఒక్కటే అంటే ఏది కావాలమ్మా అన్నాడు. అక్కడ కూర్చున్న పెద్ద మేడమ్ అతణ్ని ఆపింది. "ఆ ప్రశ్న పిల్లను అడగొద్దు. దానికి జవాబు చూడాల్సింది మనం" అన్నది. అక్కా, నేను ఎన్నో కేసుల్లో ఆ గది బయట కూర్చున్నాను. అక్కడ అన్నారని విన్న మాటల్లో నేను మరిచిపోనిది ఇదే.

వాళ్ల నాయనకు నోటీసు పంపారు, రాలేదు. నిన్ను తప్పుపట్టి రాయలేదు. పిల్లను సాకింది అమ్మమ్మ అనే రాశారు. నిజామాబాద్‌లో కాకుండా మీకు దగ్గరగా బోధన్ కస్తూర్బా బడి హాస్టల్లో చేర్చాలన్నారు. ప్రతి ఆదివారం నువ్వు పోయి చూడొచ్చు, సెలవులకు ఇంటికి వస్తుంది. ఖర్చులకు నెలనెలా సాయం వచ్చే పథకం ఒకటి ఉంది, దరఖాస్తు పెట్టాం. వచ్చేదాకా వచ్చినట్టు కాదు. మీకు ఆకు ఇచ్చే కాంట్రాక్టర్‌కు కార్మిక శాఖ నోటీసు ఇచ్చింది.

ఇక నీ కార్డు. పీఎఫ్ ఆఫీసుకు పోయి అడిగాను. తొమ్మిదేళ్ల ఆరు నెలలు నిండితే పదేళ్ల కిందనే లెక్క కడతారు. అంటే నీకు మిగిలింది పది నెలలు కాదు, నాలుగు. నీ వేలు పని చేయదు. అంకిత చేయదు. కాబట్టి నేను వస్తున్నాను. కాలు పేరు మీద నాకు ఇంకా సెలవు మిగిలి ఉంది. నాకు యాభై ఏళ్లు వచ్చాయి, ఒక్క బీడీ చుట్టి ఎరగను. నువ్వు చుట్టనియ్యలేదు కాబట్టి. ఇప్పుడు నేర్పు.

నీ చెల్లె
విమల


రెంజల్
నవంబర్ 17

అంకితకు,

ఈసారి అవ్వ చెప్తున్నది, చిన్నవ్వ రాస్తున్నది. నేను ఒక్క మాటా మార్చడం లేదు. నేను కలిపే మాటలు వేరుగా చెప్తాను.

అవ్వ చెప్తున్నది: మీ చిన్నవ్వకు పని రాదు. పదో తరగతి దాక సదివింది గాని ఆకు ఎటు దిక్కు నుంచి చుట్టాల్నో తెల్వదు. మొదటి దినం పొద్దుందాక కూసుంటె డెబ్బై అయినయ్. బాపురావు అండ్లకెల్లి నలభై పక్కకు పారేసిండు. గాయన ఏమన్నడో నాకు వినబడలే. మొహం సూస్తే సమజైంది.

చిన్నవ్వ మాట: ఆయన అన్నది ఇక్కడ రాయదగ్గది కాదు. ఇప్పుడు నాలుగు వందల దాకా వచ్చాను. నడుము విరుగుతోంది. దీన్ని నువ్వు ఆరు నెలలు చేసినవు. మీ అవ్వ యాభై ఏళ్లకు దగ్గరగా చేసింది. నాకు ఇన్నేళ్లూ ఇది తెలుసుననుకున్నాను.

అవ్వ చెప్తున్నది: నా గురించి రంది పడకు. ఆదివారం గూడ ఆకు పని తెగుతలేదు, గందుకే నిన్ను సూడ రాలే. పోస్టాఫీసు సౌందర్య దుకాణంల ఒక పలక కట్టించింది. ఎవలకన్న నాతోని పని ఉంటే వేళ్లు సూపెడ్తరు, బొమ్మలు గీస్తరు. మొన్న ముత్తన్న బర్రె ఈనిందని చెప్పనీకి బర్రె బొమ్మ గీసిండు. నేను కుక్క అనుకున్న. పావుగంట గదే లొల్లి అయింది.

చిన్నవ్వ మాట: ఇల్లు ఎట్లుందని రాయమంటవా అక్కా అని అడిగాను. "ఇల్లు పెద్దగైంది" అన్నది. అది కూడా రాయమంది.

నువ్వు తింటున్నవా? గోర్లు తీసుకున్నవా? జవాబు రాయి. నేను గట్టిగా చదువుతాను. నా గొంతు అవ్వకు సగమే వినబడుతోంది. రెండుసార్లు చదువుతాను.

హన్మవ్వ, విమల


బోధన్
డిసెంబర్ 8

అవ్వకు, చిన్నవ్వకు,

నేను తింటున్నాను. గోర్లు మేడమ్ చూసి తీయించింది. చలికి దుప్పటి ఇచ్చారు. రోజూ ఐదింటికి లేపుతారు, అది ఒక్కటే నచ్చదు. ఇన్ని రోజులు బడి పోయినందుకు ఇంగ్లీషులో వెనకబడ్డాను. సైన్సులో లేను.

మొదట్లో క్లాసులో కూర్చుంటే చేతులకు ఏం చేయాలో తెలిసేది కాదు. పక్కన కూర్చునే జ్యోతిరాణి, "గా కాగితాలెందుకు మడుస్తున్నవే?" అని అడిగింది. చెప్పాను. వాళ్ల ఇంట్లో పసుపు ఉడకబెట్టే పని అట. తన చెయ్యి మీద కాలిన మచ్చ చూపించింది. ఇప్పుడు తను నాకు ఇంగ్లీషు చెప్తుంది, నేను లెక్కలు చెప్తాను.

ఒక సంగతి చెప్పాలి. ఆరో తరగతిలో గంగామణి అని ఒక పిల్ల ఉంది. సిరికొండ వైపు నుంచి వచ్చింది. వాళ్లమ్మ దగ్గర ఫోన్ లేదు. నా అక్షరాలు బాగుంటాయని ఎవరో చెప్తే నా దగ్గరికి వచ్చి, "అక్కా, మా అమ్మకు ఉత్తరం రాసిపెట్టు" అంది. ఏం రాయాలి అన్నాను. "నాకు ఈడ మంచిగనిపిస్తలేదమ్మా, ఒక్కసారి వచ్చిపో" అని చెప్పింది.

నా పెన్ను ఆగింది. వాళ్లమ్మ కూలికి పోతుంది. అంత దూరం నుంచి రావాలంటే ఒక రోజు పని పోతుంది. ఇది చదివితే బాధపడుతుంది. ఇక్కడ బాగుంది, బాగా చదువుకుంటున్నాను అని రాస్తే ఇద్దరూ నిమ్మళంగా ఉంటారు కదా అనిపించింది. గంగామణికి కూడబలుక్కుని చదవడమే వచ్చు, నా కలిపిరాత తనకు తెలియదు.

చెప్పింది చెప్పినట్టే రాశాను. పోస్టులో వేసే ముందు ఒక్కో మాట మీద వేలు పెట్టి తనకు చదివి వినిపించాను.

నిన్న ఆదివారం వాళ్లమ్మ వచ్చింది. గేటు దగ్గర గంగామణి వాళ్లమ్మ కొంగు పట్టుకుని సాయంత్రం దాకా అట్లాగే కూర్చుంది. బస్సు టైముకు వాళ్లమ్మ లేచి, దాని తల దువ్వి, జడ వేసి పోయింది. ఇవాళ గంగామణి క్లాసుకు వచ్చింది.

అవ్వా, నాకు ఇక్కడ బాగానే ఉంది. అబద్ధం కాదు. అయినా నువ్వు ఒకసారి వచ్చిపో.

అంకిత